మూఢంలో జీతం ఎవడిచ్చాడు

మొన్న ఆదివారం సాయంత్రం మావయ్య వాళ్ళ డాబా మీద మళ్ళీ గొడవైంది, అదే పాత గొడవ, అమెరికాలో ఒకప్పుడు జాజ్ బ్యాండ్లు నడిపిన వాళ్ళలో ఎల్లింగ్టన్ గొప్పా, బేసీ గొప్పా, లేకపోతే గుడ్‌మనా అని. అత్తయ్య కింద నుంచి రెండుసార్లు కేకేసింది, మీ అరుపులు అయ్యకోనేరు గట్టు దాకా వినిపిస్తన్నాయిరా అని. ఇంట్లో వాళ్ళకి ఇదంతా పీపీ బూరాలే, ఏ బూరా ఎవడిదైతే ఏటి అంటారు.

విజయనగరంలో సంగీతం గురించి కొట్టుకోవడం కొత్తేం కాదు లెండి. 1919లో సంగీత కాలేజీ పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. ఇక్కడ ఎవర్ని కదిపినా ఏదో ఒక రాగం మీద గట్టి అభిప్రాయం ఉంటుంది. కానీ జాజ్ పిచ్చోళ్ళం మాత్రం నాకు తెలిసి ముగ్గురమే, ముగ్గురం బంధువులమే, అంటే ఇది ఇంటి జబ్బు అన్నమాట, తెచ్చింది మావయ్య.

ఆయనది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం, అక్కడ మనవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు కదా. సెలవు దొరికితే చాలు కలకత్తా వెళ్ళిపోయి ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల షాపుల్లో దుమ్ములో కూచుని ఎల్‌పీలు ఏరుకునేవాడు. రిటైరై వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో పంచెల మధ్య పెట్టి తెచ్చాడు, అందులో సగం ఎల్లింగ్టన్‌వే. మిగతా సగంలో నాకు బేసీ దొరికాడు, మా బావకి గుడ్‌మన్ దొరికాడు, అక్కడితో కుటుంబం మూడు ముక్కలైంది.

తెలియని వాళ్ళకి ఒక్క మాట. బిగ్ బ్యాండ్ అంటే మన పెళ్ళి బ్యాండుకి పెద్దన్నయ్య అనుకోండి, కాకపోతే నడుస్తూ కాదు కూచుని వాయిస్తారు. అయిదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడో నాలుగో ట్రాంబోన్లు, పియానో, గిటారు, బేస్, డ్రమ్స్, మొత్తం పదహారు పదిహేడు మంది. 1935 నుంచి ఒక పదేళ్ళ పాటు అమెరికాలో కుర్రకారు డాన్సులన్నీ వీళ్ళ మీదే నడిచాయి.

మావయ్య వాదన ఎప్పుడూ ఒకటే. ఎల్లింగ్టన్ రెండో ట్రంపెట్టు, మూడో శాక్సోఫోన్ అని రాయలేదురా, మనిషి పేరు పెట్టుకుని రాశాడు, వాయించేవాడి ఊపిరి ఎంతో తెలియకుండా పాట కడితే ఏం లాభం అంటాడు. 1940లో కూటీ విలియమ్స్ అనే ట్రంపెట్ ఆయన కోసం ప్రత్యేకంగా కట్టిన కన్చర్టో ఒకటుంది, దాని రికార్డు పెట్టి, చూశావా ఆ మూతతో ట్రంపెట్టు మూసి తెరిచి మనిషి మాట్లాడినట్టు వాయిస్తన్నాడు, ఇంకోడికిస్తే ఇది పాట కాదు, ఉత్త కాగితం అని మా మొహాలు చూస్తాడు. ఇంకా 1963లో ఎల్లింగ్టన్ బ్యాండేసుకుని ఇండియా వచ్చాడు, ఢిల్లీలో జబ్బు చేసి ఆసుపత్రిలో పడితే ఆయన లేకుండానే బ్యాండు వాయించింది, ఇది మాత్రం మావయ్య సొంత తోడల్లుడు వచ్చి వెళ్ళినట్టు చెప్తాడు, పాపం నీళ్ళు పడలేదురా ఆయనకి అని కూడా అంటాడు, నీళ్ళో ఇంకేటో మాకెవరికీ తెలీదు.

బావది వేరే దారి. వాడు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు కాబట్టి స్టేజీ మీద గెలిచినోడే గొప్ప అంటాడు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో క్లారినెట్టు వాయించే గుడ్‌మన్ కచేరీ, అప్పటిదాకా డాన్సు హాళ్ళలో ఉన్న సంగీతాన్ని తీసుకెళ్ళి అక్కడ కుర్చీల్లో కూచున్న పెద్దమనుషుల ముందు పెట్టాడు, పైగా తెల్లోళ్ళూ నల్లోళ్ళూ ఒకే స్టేజీ ఎక్కడం అరుదైన రోజుల్లో నల్లోళ్ళయిన టెడ్డీ విల్సన్‌నీ లయొనెల్ హాంప్టన్‌నీ పక్కన పెట్టుకుని వాయించాడు, ఇంకేటి కావాలి మీకు అంటాడు. మావయ్య వెంటనే, పేరు గుడ్‌మన్‌ది, రాత ఫ్లెచర్ హెండర్సన్‌ది అని పొడుస్తాడు. అది నిజమే, గుడ్‌మన్ బ్యాండుకి పేరు తెచ్చిన అరేంజ్‌మెంట్లు, అంటే ఏ వాయిద్యం ఏం వాయించాలో రాసిన కాగితాలు, చాలా మట్టుకు హెండర్సన్ రాసినవే, ఆయన సొంత బ్యాండేమో నిలబడలేదు. నేను ఇంకో పోటు పొడుస్తాను, నీ కార్నెగీ రికార్డులోనే మా బేసీ వచ్చాడు, ఆయన బ్యాండులోంచి లెస్టర్ యంగ్ వచ్చాడు, ఫ్రెడ్డీ గ్రీన్ వచ్చాడు, మావయ్య వాళ్ళ జానీ హాడ్జెస్, హ్యారీ కార్నీ, కూటీ విలియమ్స్ కూడా వచ్చారు, పెళ్ళి మీది, వంటోళ్ళు మావాళ్ళు అని. ఎల్లింగ్టన్‌ని కూడా పిలిచారంట, ఆయన మాత్రం వెళ్ళలేదు.

దానికి ముందు ఏడాదే సవాయ్ బాల్‌రూమ్ సంగతి ఉంది. న్యూయార్క్‌లో నల్లోళ్ళ పేట హార్లెమ్‌లో ఆ హాల్లో రెండు స్టేజీలుండేవి, ఒక బ్యాండు దిగేలోపు రెండోది అందుకోవాలి, డాన్సు ఆగకూడదు. 1937 మే 11న గుడ్‌మన్‌కీ అక్కడి సొంత బ్యాండు చిక్ వెబ్‌కీ పోటీ పెట్టారు. మా వైపు జాతర్లలో రెండు తప్పెటగుళ్ళ జట్లు ఎదురెదురుగా దిగితే ఎలా ఉంటుందో చూసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఛాతీ మీద తప్పెట కట్టుకుని ఒకడు ఎగిరితే రెండో జట్టువాడు ఇంకో మూరెడు ఎగురుతాడు. ఆ రాత్రి చిక్ వెబ్ గుడ్‌మన్‌ని చిత్తు చేశాడు, గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా తనే ఆ మాట ఒప్పుకున్నాడు. ఇది చెప్తే బావ, సొంతూళ్ళో ఎవడైనా గెలుస్తాడు అంటాడు.

ఇక నా సంగతి. నాకు బేసీయే. మనిషి పియానో ముందు కూచుని మూడు నోట్లు వాయిస్తాడు, ఆగుతాడు, ఆ ఆగిన చోట బ్యాండంతా వచ్చి పడుతుంది. కాన్సస్ సిటీలో రెనో క్లబ్ అనే చిన్న చోట మొదలైన బ్యాండు, మొదట్లో చాలా పాటలకి కాగితమే లేదు, ఒకడు ఒక ముక్క అందుకుంటే పక్కోడు పట్టుకోవడం, అలా కట్టుకున్నవే. వెనకాల ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు, 1937లో చేరాడు, 1987లో చనిపోయేదాకా అదే బ్యాండు, బేసీ 1984లో పోయాక కూడా. యాభై ఏళ్ళలో సోలో కోసం ఎగబడిన మనిషి కాదు, నాలుగు దెబ్బలు, నాలుగు దెబ్బలు, అంతే. అది వినిపించదు, తీసేస్తే తెలుస్తుంది. కందిపప్పులో ఇంగువలాగ.

మావయ్య నా మీద వేసే బ్రహ్మాస్త్రం న్యూపోర్ట్ జాజ్ పండగ. 1956 జులై 7 రాత్రి, అర్ధరాత్రి కావొస్తోంది, జనం లేచి ఇళ్ళకి పోతున్నారు, ఎల్లింగ్టన్ పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులు. ఆయన బ్యాండులో శాక్సోఫోన్ వాయించే పాల్ గొన్సాల్వెస్ లేచి బ్లూస్ అనే వరస మీద ఒకటి కాదు రెండు కాదు 27 చుట్లు తిప్పాడు, మైదానంలో ఒకావిడ లేచి డాన్సు మొదలెట్టింది, వెళ్ళిపోయేవాళ్ళు వెనక్కొచ్చేసారు, మరుసటి నెల టైమ్ పత్రిక అట్ట మీద ఎల్లింగ్టన్ బొమ్మ. మీవాడి పాటకి కాళ్ళు కదలవు అన్నావు కదరా, ఇదేటి మరి అంటాడు మావయ్య. నేనూ చాలా ఏళ్ళు దీనికి జవాబు లేక నోరు మూసుకున్నాను. తర్వాత దొరికింది. ఆ రాత్రి స్టేజీ అంచున ఒకాయన చుట్టిన న్యూస్‌పేపరు పట్టుకుని తాళం వేస్తూ బ్యాండుని ఉసిగొల్పాడు, ఆయన ఎవరు? జో జోన్స్. బేసీ పాత డ్రమ్మర్! ఊపు మావోడిదే మావయ్యా అన్నాను, ఆ రోజు ఆయన కాఫీ కూడా తాగలేదు.

సరే ఈ ఆదివారం సంగతి. మావయ్య మనవరాలి పెళ్ళి, ఇంట్లో పిల్లలు డీజే అంటన్నారు, మావయ్య బ్యాండే ఉండాలంటన్నాడు, అందుకని క్లారినెట్టు తాతని కబురెట్టి రప్పించాడు. డెబ్బై దాటిన మనిషి, నేను చిన్నప్పుడు పైడితల్లమ్మ పండక్కి ఎర్రకోటు వేసుకుని గంటస్తంభం దగ్గర వాయించిన మనిషే. ఇప్పుడు మూఢం కాబట్టి ఖాళీ, టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూచుని మా గొడవ వింటన్నాడు. మా ముగ్గురిలో ఎవరికి తోచిందో గుర్తులేదు గానీ, తాతనే తీర్పు చెప్పమందాం అన్నారు.

ముందు గుడ్‌మన్ పెట్టాడు బావ. తాత కళ్ళు మూసుకున్నాడు, గ్లాసు మీద వేళ్ళు క్లారినెట్టు మీద ఆడినట్టే ఆడతన్నాయి. అయ్యాక, రీడు మంచిది అన్నాడు. అంతేనా తాతా అంటే, ఊపిరీ బాగుంది, మనిషి బాగా ఆకలి మీద నేర్చుకున్నట్టున్నాడు అన్నాడు. గుడ్‌మన్ షికాగోలో పన్నెండు మంది పిల్లలున్న పేద ఇంట్లో పుట్టాడని మేం చెప్పనేలేదు.

తర్వాత ఎల్లింగ్టన్. హ్యారీ కార్నీ బారిటోన్ శాక్సోఫోన్ కింద నుంచి రాగానే, అదేటి యూఫోనియమా, కాదే, అంత లావు గొంతా అన్నాడు, ఇంకోసారి పెట్టించుకున్నాడు. తర్వాత నేను బేసీ పెట్టాను, ఆ 1957 నాటి నెమ్మది పాట, నీల్ హెఫ్టీ కాస్త స్పీడుగా రాసుకొస్తే బేసీ దాన్ని పట్టుకుని ఇంకా ఇంకా నెమ్మది చేశాడంటారు. సగం అయ్యాక తాత చెయ్యెత్తాడు, ఆ టక్కు టక్కుమన్నాదేటి బావూ? గిటారు తాతా. అదాపీస్తే ఊరేగింపు అక్కడే ఆగిపోద్ది అన్నాడు. నేను గెలిచేశాననుకున్నాను.

అప్పుడు అడిగాడు, ఇదంతా సరే గానీ బాబుగారూ, పదహారు మందంటన్నారు, మూఢంలో ఈళ్ళకి కూలెవులిచ్చీవోరు?

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఇరవై ఏళ్ళుగా కొట్టుకుంటన్నాం, ఒక్కసారి కూడా ఈ లెక్క వెయ్యలేదు.

నిజానికి జవాబు మాకు తెలిసిందే, ఆ ప్రశ్న కింద ఎప్పుడూ పెట్టలేదు అంతే. అమెరికా బ్యాండ్లకి కూడా పెద్ద మూఢం వచ్చింది. 1942 ఆగస్టులో సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది, యుద్ధంలోకి కుర్రాళ్ళు వెళ్ళిపోయారు, పెట్రోలూ టైర్లూ రేషనైతే బస్సేసుకుని ఊరూరూ తిరగడం కుదరలేదు, రికార్డుకి కావాల్సిన లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది, దానికీ కటకటే. 1944లో డాన్సు హాళ్ళ మీద పన్ను పడింది, జనం పాడేవాళ్ళ వెనక పడ్డారు. 1946 చివర్లో కొన్ని వారాల తేడాలో పెద్ద పెద్ద బ్యాండ్లు వరసపెట్టి మూసేశారు, అందులో బావ వాళ్ళ గుడ్‌మన్‌దీ ఉంది. 1950కి మా బేసీ కూడా పదహారు మందినీ పంపించేసి చిన్న జట్టుతో నెట్టుకొచ్చాడు, మళ్ళీ పెద్ద బ్యాండు కట్టింది 1952లోనే.

ఎల్లింగ్టన్ మాత్రం మూయలేదు. పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బులు తెచ్చి బ్యాండు జీతాల్లో పోసేవాడు. 1951లో హాడ్జెస్ లాంటివాళ్ళు వెళ్ళిపోయారు, 1955లో హాడ్జెస్ తిరిగొచ్చేసాడు. ఆ లావు గొంతు కార్నీ అయితే 1927లో చేరి 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా ఉన్నాడు, ఆ ఏడాదే తనూ పోయాడు.

మావయ్య ఇదంతా తాతకి చెప్తుంటే గొంతు వణికింది, అంత ఆనందం. తాత తలూపి, అయితే ఆయనే మేస్త్రీ అనేసాడు. బావ ఫోను చూసుకుంటన్నాడు. నాకు కడుపు మండింది, పాట గురించి అడిగితే జీతం గురించి తీర్పేటి అని, కానీ నలభై ఏళ్ళు జట్టుని నడిపిన మనిషితో ఏం వాదిస్తాం.

ఊరుకోలేక ఫ్రెడ్డీ గ్రీన్ సంగతి చెప్పాను. చిన్న జట్టు కట్టినప్పుడు బేసీ గిటారుని పిలవలేదంట, ఒక రోజు చూస్తే ఫ్రెడ్డీ గ్రీన్ తనే గిటారేసుకుని వచ్చి తన కుర్చీలో కూచున్నాడంట, నా వయసంతా ఈ బ్యాండుకే పోసాను, నన్నొదిలీసి పోతావా అన్నాడని చెప్పుకుంటారు. తాత పెద్దగా నవ్వేసాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. మా సైడు డ్రమ్మోడూ అంతే బావూ, విశాఖపట్నంలో వాచ్‌మన్ పన్లో ఉన్నాడు, ఎలా తెలుస్తాదో ఏటో, ఫోన్ సెయ్యకపోయినా బేరం రోజుకి దిగిపోతాడు, ఇచ్చినంతే తీసుకుంటాడు, ఆడికి సేతులు వణుకుతన్నాయిప్పుడు అన్నాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత బేరం మొదలైంది. తాత పన్నెండు మందన్నాడు, మావయ్య ఎనిమిది చాలన్నాడు, పదికి ఒప్పుకున్నారు. అడ్వాన్సు మూఢం వెళ్ళాక ఇస్తాన్లే అని మావయ్య అనగానే తాత లేచి కండువా దులుపుకుంటూ, ఇప్పుడే కదా బాబుగారూ తవరు సెప్పినారు, మేస్త్రీ అన్నవోడు మూఢంలో ఇస్తాడని అన్నాడు. బావ పగలబడి నవ్వాడు. మావయ్య లోపలికెళ్ళి పర్సు తెచ్చి నాలుగు అయిదొందలు లెక్కపెట్టి ఇచ్చాడు, ఇస్తూ నా వైపు చూశాడు, నేనేదో చేయించినట్టు.

తాత మెట్లు దిగుతూ ఆగి, ఆ గిటారోడి పాట మా మనవడి ఫోనుకి పంపించీ బావూ, మా డ్రమ్మోడికి ఇనిపిస్తాను అన్నాడు. రాత్రే పంపించాను. బ్లూ టిక్కులు పడ్డాయి.