డాలిట్జ్ ప్లాట్ నడుమ ఖాళీ

రో మీసాన్ అనే సూక్ష్మ కణం ఆయుష్షు సుమారు 4×10⁻²⁴ సెకను. ఆ కాస్త సమయంలో కాంతి కూడా ప్రోటాన్ వ్యాసాన్ని దాటలేదు. అలాంటిది డిటెక్టర్‌లో గీత గీస్తుందా? మన చేతికి చిక్కేవి అది విడిపోతే పుట్టే పిల్లలు, అంటే పయాన్లనే తేలికపాటి మీసాన్లు రెండే. వాటి శక్తినీ ద్రవ్యవేగాన్నీ కలిపి ద్రవ్యరాశి లెక్కగడితే, గ్రాఫ్‌లో 775 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే శక్తి ప్రమాణం) దగ్గర ఓ గుట్ట లేస్తుంది. గుట్ట కనబడగానే కణం దొరికిందనేస్తారు కొందరు. నేను మాత్రం గుట్టను అంత సులువుగా నమ్మను.

1953లో రిచర్డ్ డాలిట్జ్ మూడు పయాన్లుగా విడిపోయే కణం కోసం ఒక బొమ్మ గీశాడు. అదే డాలిట్జ్ ప్లాట్. ఒక్కో క్షయం, అంటే కణం విడిపోయిన ఒక్కో సంఘటన, ఒక్కో చుక్క. చుక్కలన్నీ సమంగా పరుచుకుంటే మధ్యలో రెజొనెన్స్ (రోలా పుట్టగానే విడిపోయే కణం) ఏదీ లేనట్టు. పట్టీలుగా చేరాయంటే ఉన్నట్టు.

నాకు ప్రాణమైన బొమ్మ డి-ఎస్ అనే బరువైన మీసాన్‌ది. అది రెండు కెయాన్లు (పయాన్లకన్నా బరువైన మీసాన్లు), ఒక పయాన్‌గా విడిపోతుంది. అడ్డ అక్షం మీద కెయాన్ జంట ద్రవ్యరాశి వర్గం, నిలువు అక్షం మీద ఒక కెయాన్-పయాన్ జంటది వేస్తే, ఎడమ అంచున ఫై(1020) అనే మీసాన్ (బ్రాకెట్‌లోది ఎంఈవీలో సుమారు ద్రవ్యరాశి) సన్నని నిలువు పట్టీగా నిలుస్తుంది. దాని వెడల్పు 4 ఎంఈవీ పైచిలుకే. ఆ పట్టీని దగ్గరగా చూడండి: పైనా కిందా చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, నడుమ దాదాపు ఖాళీ. డి-ఎస్‌కు, పయాన్‌కు స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) సున్నా, ఫైకి 1. అందువల్ల ఫైతోపాటు కదులుతూ చూస్తే కెయాన్లు దాని ప్రయాణ దిశ వెంబడి ముందుకీ వెనక్కీ పోవడానికే మొగ్గుతాయి, లంబంగా పోవు. స్పిన్ 1 అని ఆ ఖాళీయే సాక్ష్యం చెబుతోంది.

ఇంకా బాగున్న సంగతి: పై గుంపూ కింది గుంపూ సమానంగా ఉండవు. కెయాన్ జంట పుట్టడానికి కావలసిన కనీస ద్రవ్యరాశిని గడప అంటాం; దాని కిందే ఉన్న ఎఫ్‌0(980) అనే మరో మీసాన్ గుట్ట తోక ఇక్కడిదాకా పాకి ఫైతో కలుస్తుంది. ఫై శిఖరం దాటేటప్పుడు దాని ఫేజ్ (క్వాంటం తరంగపు దశ) 180 డిగ్రీల మేర తిరుగుతుంది, తోకది పెద్దగా కదలదు. కాబట్టి శిఖరానికి అటూ ఇటూ పై, కింది గుంపుల తేడా ఎలా మారుతోందో కొలిస్తే తోక ఫేజ్ మన చేతికొస్తుంది. 2011లో అమెరికాలోని బాబార్ ప్రయోగ బృందం ఇదే క్షయంలో ఈ పని చేసి చూపింది.

అందుకే ఎఫ్‌0(980) మీద కొత్త పేపర్ వస్తే నేను ముందు వెతికేది ఫేజ్ గ్రాఫే. ద్రవ్యరాశి, వెడల్పుల పట్టిక తర్వాత. గడప పక్కనే ఉన్న కణానికి గుట్ట ఆకారం చెప్పే మామూలు బ్రైట్-విగ్నర్ సూత్రం సరిపోదు, గడపను కూడా లెక్కలో పెట్టుకునే ఫ్లాటే సూత్రం కావాలి. అది వాడకుండా ఇచ్చిన వెడల్పును నేను లెక్కలోకి తీసుకోను.