గుడ్డ చుట్టేశాక వినిపించిన చప్పుడు

తోక పైకెత్తితే టక్. దించితే మళ్ళీ టక్. గుడ్డ చుట్టి, బిగించి, పూతలు కూడా వేసేసిన విమానం ఒంట్లో ఏదో దొర్లుతోంది. అప్పటికి ఈ పని మొదలుపెట్టి ఐదేళ్ళు దాటింది.

నేను కట్టింది పిట్స్ ఎస్-1సీ. ఒకే సీటు, ఒకదాని మీద ఒకటిగా రెక్కలు, గాల్లో పల్టీలు కొట్టడానికే పుట్టిన బుల్లి విమానం. కర్టిస్ పిట్స్ దీని మొదటి రూపాన్ని 1944లో ఎగరేశాడు. 1960ల నుంచి ఇళ్ళలో కట్టుకునేవాళ్ళకి డ్రాయింగులు దొరుకుతున్నాయి. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 17 అడుగుల చిల్లర. షెడ్డులో పడుతుంది కదా అనుకున్నాను. విమానం పట్టింది, నేను నిలబడటానికే చోటు లేకపోయింది.

ఒళ్ళంతా 4130 క్రోమోలీ అనే గట్టి రకం స్టీలు గొట్టాలు. చాలావాటి గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటి మూడు నెలలు విమానం జోలికే పోలేదు. పనికిరాని ముక్కలు అతకడం, రంపంతో నిలువునా కోసి లోపల చూడటం, అంతే. పైకి చేపపొలుసుల్లా ముచ్చటగా కనిపించిన అతుకు లోపలికి దిగేదే కాదు. వెల్డింగు నేర్పిన పెద్దాయన తిప్పి తిప్పి చూసి, "అందంగా ఉంది బాబూ, విమానానికి మాత్రం వద్దు" అనేవారు.

వేడెక్కిన గొట్టం చల్లారేటప్పుడు ఫ్రేమును తనవైపు లాగేస్తుంది. అందుకే ముందు మొత్తాన్ని చుక్కలు చుక్కలుగా అతికి, తర్వాత ఇటొకటి అటొకటి మార్చి మార్చి పూర్తి చెయ్యాలి. ఈ సంగతి తెలిసీ ఒక ఆదివారం తొందరెక్కి ఒకేవైపు నాలుగు జాయింట్లు లాగించేశాను. తెల్లారి దారం పట్టి చూస్తే తోక అర అంగుళం పక్కకి పోయింది. దాన్ని దారికి తేవడానికి రెండు వారాలు పట్టింది.

రెక్కలు స్ప్రూస్ కర్రతో. ఎపాక్సీ జిగురు కలిపిన ప్రతిసారీ రెండు చెక్కముక్కలు అతికి, తేదీ రాసి పెట్టేవాణ్ని. ఆరాక సుత్తితో కొడితే కర్ర చీలాలి గానీ జిగురు దగ్గర ఊడిరాకూడదు. ఒకసారి ఊడొచ్చింది. క్లాంపులు మరీ గట్టిగా బిగించేసరికి జిగురంతా పక్కలకి కారిపోయింది, మధ్యలో ఏమీ మిగల్లేదు. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకునే నాలాంటివాడికి ఇది మింగుడుపడని విషయం. ఆ రోజు చేసిన ఆరు రిబ్బులూ, అంటే రెక్కకి ఆకారమిచ్చే పక్కటెముకలు, పొయ్యిలోకి పోయాయి.

ఇక గుడ్డ. పాలియెస్టర్ గుడ్డని వదులుగా అతికించి, ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే బిగుసుకుంటుంది. మొదట 250 డిగ్రీల ఫారన్‌హీట్, చివరికి 350. అది బాగా దాటితే గుడ్డ వదులైపోయి మళ్ళీ బిగవదు, కాబట్టి ఇస్త్రీపెట్టె మీద రాసిన అంకెల్ని నమ్మకుండా థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. తర్వాత ప్రతి రిబ్బుకీ గుడ్డని దారంతో కుట్టాలి. రెక్కని నిలబెట్టి అటు మా ఆవిడ, ఇటు నేను. పొడుగాటి సూది నేను గుచ్చితే తను లాగి, పక్కన గుచ్చి నాకు పంపేది. ముడి మీద ముడి, సాయంత్రాలకి సాయంత్రాలు. ఇంజను బిగించడం గురించి అందరూ అడుగుతారు గానీ నాకు ఇష్టమైన పని ఇదే. దాని మీద అల్యూమినియం పొడి కలిపిన వెండిరంగు పూత. ఎండ గుడ్డని తినెయ్యకుండా కాపాడేది అదే.

ఆ పూత ఆరాకే ఆ టక్.

మామూలు విమానమైతే ఏదో మూల పడి ఉంటుందని సరిపెట్టుకునేవాణ్నేమో. దీంతో తలకిందులుగా ఎగరాలి. లోపల ఊడిన వస్తువు ఎటు పడుతుందో చెప్పలేం. విమానం ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రేకు ఎలివేటర్, దాని కడ్డీలో ఇరుక్కుంటే నా చేతిలోని స్టిక్ కదలదు. తనిఖీ రంధ్రంలోంచి దారానికి అయస్కాంతం కట్టి వదిలాను. చుట్టూ స్టీలు గొట్టాలే కదా, అది వెళ్ళి ప్రతి గొట్టానికీ అంటుకుంది. మూడు రోజులు తోకని ఊపాను, అద్దం పెట్టి చూశాను, వాక్యూమ్ పెట్టాను. మా ఆవిడ వచ్చి కాసేపు చూసి, "కోసెయ్యండి, గుడ్డే కదా" అంది. నెలల పని మీద బ్లేడు పెట్టాలంటే చెయ్యి రాలేదు. చివరికి కోశాను. ఒక నట్టు. బిగించేటప్పుడు చేజారింది, నేల మీద పడిందనుకుని ఇంకోటి తీసుకున్నాను. వెతకలేదు. ఆ రోజు నుంచి నట్లు లెక్కపెట్టి తీసుకోవడం, లెక్కపెట్టి డబ్బాలో వెయ్యడం.

రెక్కలు నిలబెట్టి వాటి మధ్య వైర్లు బిగించడానికి తొమ్మిది రోజులు. ఎగిరేటప్పుడు బరువు మోసేవి ఫ్లయింగ్ వైర్లు. నేల మీదా, తలకిందులుగా ఉన్నప్పుడూ మోసేవి ల్యాండింగ్ వైర్లు. ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర, తిప్పితే రెండు కొసలూ ఒకేసారి బిగుస్తాయి. ఒక వైరు కుదిరిందంటే ఇంకోటి వదులైందని అర్థం. తూకం, కాగితాలు, తనిఖీ మాత్రం అనుకున్నంత టెన్షన్ పెట్టలేదు. తనిఖీకి వచ్చినాయన గుడ్డ మీద అతుకు చూసి "ఇదేంటండీ?" అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు.

కొత్త విమానాన్ని ముందు పరీక్షగా ఎగరేసే గంటలన్నీ పల్టీలు లేకుండా, బుద్ధిగా ఎగిరాను. బెట్టీ స్కెల్టన్ 1949, 1950 అమెరికా మహిళల ఏరోబాటిక్ టైటిళ్ళు గెలిచిన పిట్స్‌ని స్మిత్సోనియన్ మ్యూజియంలో తలకిందులుగానే వేలాడదీశారు. నాది ఆ భంగిమ చూడటానికి ఇంకొన్ని వారాలు ఆగాల్సొచ్చింది.

ఆ రోజు కావలసినంత ఎత్తుకి ఎక్కి, బెల్టులు ఇంకో పట్టు బిగించి, సగం రోల్ తిప్పి, తలకిందులుగా ఆపాను. నా బరువంతా భుజాల మీది పట్టీలకి దిగింది. ఇంజను ఆగలేదు. నేల నెత్తి మీదికొచ్చింది. అంతలో సీటు కింద నుంచి స్ప్రూస్ పొట్టు మబ్బులా లేచి కళ్ళ ముందుకొచ్చింది. దాని వెనకే ఒక వాషరు వచ్చి నెత్తి మీది అద్దపు మూత కనోపీకి ఠంగున తగిలింది. వెంటనే తిప్పేసి, మెల్లగా దిగి, సీటు ఊడదీసి దాన్ని వెతికి పట్టుకున్నాను.

షెడ్డు దగ్గర మా ఆవిడ ఎదురొచ్చి "ఎలా ఉంది?" అంది. అరచేతిలో వాషరు చూపించాను. కాసేపు దాన్నే చూసింది.

"ఇంకెన్ని ఉన్నాయండీ లోపల?"