డాల్డా డబ్బా బ్యాండ్

మన పదో తరగతి బ్యాచ్ సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు అడిగారు. స్పోర్ట్స్ డే గొడవ లాంటివి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను ఫిజిక్స్ మాస్టారి గురించే రాస్తాను.

2009 అక్టోబరు. కర్నూలు మునిగింది. తర్వాత మన విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది ఒడ్డునున్న కృష్ణలంక నుంచి వచ్చేవాళ్ల బెంచీలు క్లాసులో ఖాళీ. బీసెంట్ రోడ్డులో పాడి, డాల్డా డబ్బాలో చందా పోగుచేద్దామని కేపో (మన క్లాస్‌మేట్ ముద్దుపేరు) అన్నాడు. రెండు గిటార్లు, గజ్జెలు అని మనం పిలిచే ఇంకో క్లాస్‌మేట్ హార్మోనియం, తబలాకి బదులు బెంచీ. మైకు లేదు, కరెంటుతో పనే లేదు.

మాస్టారు విని, "ముందు శ్రుతి కలపండ్రా" అన్నారు. ల్యాబ్‌లోంచి సెకనుకి 256 సార్లు కంపించే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తెచ్చి, రబ్బరు మీద కొట్టి, దాని కాడ గిటారు చెక్కకి ఆనించారు. పెట్టె మొత్తం మోగింది! రెండో తీగ మొదటి మెట్టు నొక్కి, అక్కడ పలికే సి స్వరాన్ని దానికి కలిపాం. తీరా హార్మోనియం పక్కన వాయిస్తే స్వరం వణికింది. హార్మోనియం సి స్వరం సెకనుకి దాదాపు 261.6 కంపనాలు. "ఆ వణుకే విస్పందనాలు (బీట్స్). సెకనుకి ఐదారు. హార్మోనియం మెట్లు మారవు, మీరే మారాలి. వణుకు ఆగేదాకా బిరడా తిప్పండి" అన్నారు. ఇంటర్‌లో ఆ చాప్టర్ వచ్చినప్పుడు నేను కొత్తగా చదవాల్సింది ఏమీ లేకపోయింది.

చందా డబ్బా విషయంలో మాస్టారికి ఇంకా పట్టుదల. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో కచేరీ చేస్తే, పన్నుల లెక్కల్లో పడి చాలా డబ్బు ఏళ్ల తరబడి ఆగిపోయిందని చెప్పారు. దివిసీమ ఉప్పెన తర్వాత రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టిన సంగతీ చెప్పారు. తెగిన తీగకి, టీకి డబ్బాలోంచి రూపాయి తీయనివ్వలేదు. ఏ రోజు వసూలు ఆ రోజే నోటీసు బోర్డు మీద. ఆఖరికి డీడీ తీసి ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపి, రసీదు క్లాసులో అందరికీ చూపించారు. మన పదో తరగతిలో నాకు బాగా గుర్తున్నది అదే.

ఇప్పుడు హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తున్నాను. పెద్ద గాయకులు కూడా శ్రుతి విషయంలో నా మాట వింటారు. అది మాస్టారి చలవే.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నలుగురం మళ్లీ కూర్చున్నాం. అదే కేపో, అదే గజ్జెలు, ఈసారి బెంచీకి బదులు కహోన్, అంటే మీద కూర్చుని చేతులతో వాయించే చెక్క పెట్టె. వచ్చిన చందాతో బియ్యం, దుప్పట్లు, పిల్లలకి నోటుపుస్తకాలు కొన్నాం. బిల్లులన్నీ మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చూడనివాళ్లు ఒకసారి చూడండి, తేడా ఉంటే అడగండి.