స్పీడు పెంచే ముందు కాన్యులా చూడండి

ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి ఒంట్లోకి పంపే మెషిన్) మీద ఉన్న రోగికి ఆక్సిజన్ శాతం పడిపోగానే చెయ్యి ముందుగా పంపు స్పీడు మీదికే పోతుంది. కర్నూలులో ఐసీయూ వైద్యునిగా పనిచేస్తున్న నేను మా జూనియర్లకు పదే పదే చెప్పేది ఒక్కటే: ముందు కాన్యులా (సిరలో పెట్టిన లావుపాటి గొట్టం) ఎక్కడుందో చూడండి.

ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి పెట్టే వీనో-వీనస్ ఎక్మోలో సాధారణంగా తొడ సిర నుంచి రక్తం తీసి, ఆక్సిజన్ ఎక్కించి, మెడ సిర ద్వారా గుండె వైపు పంపుతాము. ఈ రెండు కాన్యులాల కొసలు మరీ దగ్గరైతే, అప్పుడే ఆక్సిజన్ ఎక్కిన రక్తం ఒంట్లోకి పోకుండా మళ్ళీ మెషిన్‌లోకే వచ్చేస్తుంది. దీన్నే రీసర్క్యులేషన్ అంటాము. రోగి నుంచి మెషిన్‌కు నల్లటి రక్తం రావలసిన ట్యూబులో కూడా ఎర్రటి రక్తం పారుతుంటుంది. ఆక్సిజనేటర్‌కు (మెషిన్‌లో ఆక్సిజన్ ఎక్కించే భాగానికి) ముందు తీసిన శాంపిల్‌లో ఆక్సిజన్ శాతం పెరుగుతుంటే రోగి వేలికి పెట్టిన ప్రోబులో మాత్రం తగ్గుతుంటుంది. ఇక్కడ స్పీడు పెంచితే రీసర్క్యులేషన్ ఇంకా పెరుగుతుంది. స్పీడు కొంచెం తగ్గించినప్పుడు రోగి శాతం మెరుగుపడితే అనుమానం బలపడినట్లే. ఎకోలో (గుండె స్కానింగ్‌లో) చూస్తూ ఒక కాన్యులాను కొద్దిగా వెనక్కి లాగడమే మంచి మార్గం. బయట ఉన్న భాగం శుభ్రంగా ఉండదు కనుక దాన్ని లోపలికి నెట్టడం ఇన్ఫెక్షన్‌ను చేతులారా పంపడమే అవుతుంది.

ట్యూబు గజగజ వణకడం వేరే సంగతి. సిర గోడ కాన్యులా రంధ్రాలకు అతుక్కుంటోందని అర్థం. అప్పుడు ముందు స్పీడు తగ్గించి, ఆ తర్వాత కారణం వెతకాలి: రక్త పరిమాణం తగ్గిందా, కాన్యులా జారిందా, ట్యూబు మడతపడిందా, ఛాతీలో గాలి చేరిందా, గుండె చుట్టూ రక్తం నిలిచిందా. లాగే పీడనం మైనస్ 100 మిల్లీమీటర్ల పాదరసాన్ని మించి కొనసాగితే ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదముంది, మూత్రం రంగు మారుతుంది. కారణం చూడకుండా సెలైన్ మీద సెలైన్ ఎక్కించడాన్ని నేను ఒప్పుకోను. ఆ నీరంతా ఇప్పటికే తడిసిన ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది.

మెడలో ఒకే డబుల్ ల్యూమెన్ (లోపల రెండు దారులున్న) కాన్యులా ఉన్నవారిలో తల తిప్పినా ఇబ్బందే. తిరిగి వచ్చే రక్తధార గుండె కుడి గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం వైపు ఉండాలి, కాన్యులా కాస్త తిరిగితే అది గోడకు తగులుతుంది. ఎక్స్‌రేలో ఈ దిశ తెలియదు, ఎకోలోనే తెలుస్తుంది.

అందుకే కుట్టు దగ్గర చర్మం మీద మార్కర్‌తో గీత గీసి, కాన్యులా మీది సెంటీమీటర్ల అంకెను ప్రతి డ్యూటీ మార్పులోనూ సిస్టర్లు రాయాలి. కర్నూలు నుంచి హైదరాబాదుకు రోగిని పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం. రెండు వందల కిలోమీటర్లకు పైగా హైవే మీద కుదుపులు, మధ్యలో ఎక్స్‌రే తీసే వీలుండదు. బండి ఎక్కించే ముందు ఎకో చేసి, స్ట్రెచర్ మీదికి మార్చిన వెంటనే ఆ అంకెను మళ్ళీ చదివి, ట్యూబును తొడకు రెండు చోట్ల కట్టిన తర్వాతే బయలుదేరాలి.