దోర్నాల నుంచి మార్కాపురానికి ఒక ఇంజన్ హెడ్

శ్రీశైలం దర్శనం, పాతాళగంగ మెట్లు, కార్తీక మాసంలో సత్రాల వాళ్లు అడిగే రేట్లు అందరూ రాసేవే. ఆ రేట్లు మాత్రం దారుణం. ఒక మంచం, ఒక బకెట్ ఉన్న గదికి హైదరాబాద్ హోటల్ ధర చెప్పారు. ఈ ప్రయాణంలో చెప్పుకోదగ్గ సంగతి కొండ దిగాక జరిగింది.

ఘాట్ దిగి దోర్నాల చేరేసరికి నా యెజ్డీ బైక్ రోడ్‌కింగ్ మిస్ కొట్టడం మొదలుపెట్టింది. ఇంజన్ చల్లబడ్డాక స్పార్క్ ప్లగ్ విప్పితే, దాని మరలను చుట్టుకుని స్టీలు తీగ కూడా ఊడి వచ్చింది. హెలికాయిల్ అది, చెడిన మర స్థానంలో కొత్త మరగా కూర్చోబెట్టే తీగ చుట్ట. పాత ఓనరు కాలంలో ఎవరో వేశారు. సిలిండర్ పైమూత అయిన అల్యూమినియం హెడ్‌లో దాని కోసం కోసిన మరలు కూడా సగానికి పైగా చెరిగిపోయాయి.

అది ఎందుకు ఊడిందో తీగే చెబుతోంది. పై చుట్టు నలిగి మెరుస్తోంది. హెలికాయిల్‌ను ప్లగ్ కూర్చునే ముఖానికి పావు చుట్టో అర చుట్టో లోపలికి దించాలి. సమంగా వదిలేస్తే, బిగించిన ప్రతిసారీ వాషర్ దాన్ని నొక్కుతుంది. కింద ఇంకో తప్పు ఉంది. ఈ బండి ప్లగ్ మర పొడవు 12.7 మిల్లీమీటర్లు. కాయిల్ దానికంటే పొట్టిది. దాని కిందకు దిగిన ప్లగ్ మరల మీద టూ స్ట్రోక్ ఆయిల్ మసి గట్టిపడింది. ప్లగ్ విప్పేటప్పుడు ఆ మసి తీగలోకి బిగిసి, దాన్నీ తిప్పుకుంటూ పైకి తెచ్చింది.

టీ కొట్టు దగ్గర చేరినవాళ్లలో ఒకాయన అతుకు మందు పూసి బిగించమన్నాడు. ఆ పని ఎవరూ చేయకండి. ప్లగ్ సీటు దగ్గర వేడి 150 డిగ్రీలు దాటుతుంది. లోపల ప్రతి పేలుడూ ప్లగ్‌ను బయటికి తన్నుతుంది. మెత్తబడిన మందు దాన్ని ఆపలేదు, ఊడిన ప్లగ్ తొడ మీదికే వస్తుంది.

టూ స్ట్రోక్ కాబట్టి హెడ్‌లో వాల్వులు లేవు. నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేస్తే హెడ్ చేతికొస్తుంది. సిలిండర్ మీద గుడ్డ కప్పి, బండిని టీ కొట్టు వెనక పెట్టి, హెడ్‌ను పేపర్లో చుట్టుకుని మార్కాపురం పల్లెవెలుగు ఎక్కాను. పక్క సీట్లో పెద్దావిడ, "శ్రీశైలంలో కొన్న ఇత్తడి సామానా నాయనా?" అని అడిగింది. విప్పి చూపిస్తే రెక్కల మధ్య వేలు పెట్టి తడిమి, తమ బోరు మోటారు షాఫ్టు బాగుచేయించే లేత్ షాపు ఎక్కడుందో గుర్తులతో సహా చెప్పింది. సికింద్రాబాద్ విడిభాగాల బజారు రాణిగంజ్‌లో సగం పూట తిరిగినా ఇంత సూటిగా దారి చెప్పేవాళ్లు దొరకరు.

మార్కాపురం అంటే పలకల ఊరు. రాయి కోసే మిషన్లకు విడిభాగాలు చేసి చేసి అక్కడి టర్నర్ల చేయి తిరిగి ఉంది. షాపు పెద్దాయన హెడ్‌ను వెలుతురుకు పట్టి చూసి, "మళ్లీ తీగొద్దు సార్, బుష్ వేద్దాం" అన్నాడు. నా ఉద్దేశమూ అదే. బుష్ అంటే లోపలా బయటా మరలున్న లోహపు గొట్టం. క్లచ్ కవర్ ఎం6 స్క్రూల లాంటివి ఎప్పుడో గానీ విప్పం, అక్కడ హెలికాయిల్ బంగారం. ప్లగ్‌ను మాటిమాటికీ విప్పుతాం, దానికి గట్టి బుష్షే నిలుస్తుంది. జావా, యెజ్డీలు చెక్ డిజైన్ కాబట్టి అంతా మెట్రిక్ లెక్క. మర కోసే ట్యాపులు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. పాత బుల్లెట్ స్టడ్ల అంగుళాల మరలైతే చిన్న ఊళ్లో కష్టం.

బుష్‌కు ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీ తీశాడు. వేడికి స్టీలు కంటే ఎక్కువగా, అల్యూమినియానికి దగ్గరగా వ్యాకోచిస్తుంది, అందుకే హెడ్‌లో వదులవదు. బయట ఎం18×1.5, లోపల ఎం14×1.25, అంటే 18, 14 మిల్లీమీటర్ల మరలు; రెండో అంకె మరకూ మరకూ మధ్య దూరం. మరల లోతు పోగా గోడ మందం మిల్లీమీటరు పైచిలుకే మిగులుతుంది, కాబట్టి లోపలి మర సెంటర్ తప్పకూడదు. పైన 22 మిల్లీమీటర్ల వెడల్పు అంచు, అంటే కాలరు, మందం 1.5.

అసలు పనితనం హెడ్‌ను డ్రిల్లింగ్ మిషన్ మీద నిలబెట్టడంలో ఉంది. పాత మర చెరిగిపోయింది, దాన్ని నమ్మి గురి పెట్టకూడదు. ప్లగ్ సీటు ముఖం మాత్రం ఫ్యాక్టరీలో రంధ్రానికి నిటారుగా కోసింది. పెద్దాయన, లేత్ మీద కొన సమంగా కోసిన ఒక కడ్డీని చక్‌లో పట్టి సీటు మీదికి దించాడు. వెనక టార్చి పెట్టి, ఏ పక్క వెలుతురు దూరుతోందో చూస్తూ హెడ్ కింద రేకు ముక్కలు సర్దాడు. చుట్టూ వెలుతురు ఆగాకే క్లాంపులు బిగించాడు. బుష్ వేసిన దానికంటే దీనికే ఎక్కువసేపు పట్టింది.

తర్వాత 16.5 డ్రిల్లు, కాలరు కూర్చోవడానికి సీటులో 1.5 మిల్లీమీటర్ల గుంట. గుంట తీయకుండా కాలరు పైనే కూర్చోబెడితే ప్లగ్ ఆ మేరకు పైకి లేచి, స్పార్క్ గోతిలో పడుతుంది. ట్యాపును డ్రిల్లింగ్ మిషన్ చక్‌లోనే పట్టి, పుల్లీని చేత్తో తిప్పుతూ మొదలుపెట్టాడు, వంకర పోదు. కిరోసిన్ పోస్తూ అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. అలా చేయకపోతే అల్యూమినియం రజను ట్యాపు పళ్లకు అంటుకుని, కోసిన మరనే చీరేస్తుంది.

మరలను పెట్రోలుతో కడిగి, ఎక్కువ వేడి తట్టే లాక్ మందు పూసి బుష్ బిగించాడు. లోపలికి పొడుచుకొచ్చిన అంచును, పెట్రోలు మండే చాంబర్‌కు సమంగా ఆకురాయితో రాశాడు. మర అంచు బయటికి ఉంటే నిప్పుకణికలా కాగి, స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. చివరికి చాంబర్ వైపు నుంచి బుష్, హెడ్ కలిసే గీత మీద మూడు చోట్ల సెంటర్ పంచ్ దెబ్బ వేశాడు. ప్లగ్ విప్పేటప్పుడు బుష్ తిరగకుండా ఉండేది అందుకే.

మందు ఆరనిచ్చి ప్లగ్ బిగించి, హెడ్ బోర్లించి చాంబర్‌లో కిరోసిన్ పోశాం. టీ తాగి వచ్చేదాకా కిందికి చుక్క రాలేదు. మొత్తం ఎనిమిది వందలు. రెండు వేలు పెట్టి కొనే కిట్లో ఈ గురి దొరకదు.

దోర్నాలలో హెడ్ ఎక్కించేటప్పుడు కాలరు మీంచి హెడ్ మీదికి పెయింట్ గీత పెట్టాను. కొత్త ప్లగ్‌ను చేత్తో చివరిదాకా తిప్పి, పానాతో అర చుట్టు మాత్రమే బిగించాను. వాడిన ప్లగ్ అయితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు. కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల చేరాక, ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి ప్లగ్ విప్పితే బుష్ కదల్లేదు, గీత విరగలేదు. హెడ్ నట్లు మాత్రం కొంచెం బిగింపు తీసుకున్నాయి.