బరంపురం నుంచి పిల్లలకి డబ్బా కట్టడం

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగిళ్ళల్లో పిల్లలు హైదరాబాదో బెంగుళూరో చేరాక నెలకో రెండు నెలలకో ఒకసారి తప్పని పని ఇది. తెలిసినవాళ్ళెవరో ఫలక్‌నుమా రైలు ఎక్కుతున్నారని కబురొస్తుంది. ఆ రాత్రి పన్నెండింటి దాకా పొయ్యి ఆరదు. తెల్లారేసరికి పది కిలోల అట్టపెట్టె గుమ్మం దగ్గర ఉంటుంది. అందులో సగం అక్కడ బూజు పట్టి చెత్తబుట్టలో పడుతుంది. ఆ సంగతి పిల్లలు చెప్పరు, మనమూ అడగం.

తప్పు చేతివంటలో ఉండదు, లెక్కలో ఉంటుంది. నలుగురు రెండు పూటలా తిన్న ఇంటి లెక్కతో కొలిచి, రాత్రిపూట మాత్రమే అన్నం వండుకునే ఒక్క మనిషికి పంపుతాం. అందుకే ఏం పంపాలా అని ఆలోచించే ముందు వాళ్ళ వంటిల్లు ఎలా ఉందో తెలుసుకోవాలి. ఫ్రిజ్ ఉందా, ఉంటే అందులో వీళ్ళ వాటా ఒక అరా, సగం అరా? గ్యాసా, ఇండక్షనా? మూకుడు ఉందా? మిక్సీ ఉందా? వారంలో ఎన్ని పూటలు గదిలో వండుతున్నారు? హాస్టల్లో ఉన్నవాళ్ళకి వేయించుకోవలసిన వడియాలు పంపితే అవి అల్మైరాలోనే ముసలివైపోతాయి. సూరత్ లాంటి చోట నలుగురైదుగురు ఒకే గదిలో ఉండేవాళ్ళ సంగతి వేరు. అక్కడ సీసా మూత తీసింది మొదలు అందరిదీ, కాబట్టి కిలో ఊరగాయ కూడా వారం ఆగదు.

ఫోన్లో "తిన్నావా" అంటే "తిన్నాను" అనే వస్తుంది. అది పలకరింపే గాని సమాచారం కాదు. "కందిపొడి సీసాలో ఎంత ఉంది" అని అడిగితే నిజం తెలుస్తుంది. రెండు నెలలకి సగం కూడా తగ్గలేదంటే ఈసారి పావు కిలో చాలు. అయిపోయి పదిహేను రోజులైందంటే అక్కడ వంట బాగానే సాగుతోందన్నమాట. ఒక్క మనిషికి మోటు లెక్క: రెండు నెలలకి ఆవకాయ 400 గ్రాములు, ఒక పప్పుపొడి 250, ఒక కారప్పొడి 100, నెయ్యి అర కిలో. ఇంతకు మించి పంపేది ప్రేమ కిందికి వస్తుంది గాని భోజనం కిందికి రాదు.

ఎక్కువగా పాడయ్యేది ఆవకాయే, అది కూడా దాదాపు ఎప్పుడూ ఒకే కారణంతో. కిలో మామిడి ముక్కకి ఆవపిండి 200 గ్రాములు, కారం 200, ఎండబెట్టి దంచిన కల్లుప్పు 200, పప్పునూనె అర కిలో, మెంతులు రెండు చెంచాలు. ఫ్రిజ్ లేని గదికి వెళ్ళేదైతే ఉప్పు ఇంకో పాతిక గ్రాములు వేసుకోవచ్చు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. కొత్త ఆవకాయలో ముక్క రెండు మూడు వారాల పాటు నూనె పీలుస్తూనే ఉంటుంది, ఆవపిండి కూడా పీలుస్తుంది. కలిపిన నాలుగో రోజున పైన వేలెడు నూనె తేలుతోంది కదా అని సీసాకెత్తి పంపితే, పదో రోజుకి పైముక్క పొడిగా గాలికి తేలుతుంది. బూజు మొదలయ్యేది అక్కడే. తడి చెంచా పెట్టావని పిల్లల్ని తిడతాం గాని తొందరపడింది మనం. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూసి, కనీసం ఇరవై రోజులు జాడీలో ఊరనిచ్చి, అప్పుడు సీసాకెత్తాలి. దానితోపాటు కాచి చల్లార్చిన నూనె 100 గ్రాములు చిన్న సీసాలో పోసి, "ముక్క పైకి కనిపిస్తే ఇది పొయ్యి" అని చెప్పి పంపండి. ఆ చిన్న సీసా ఒక్కటే సగం ఊరగాయని కాపాడుతుంది.

సీసా అంచుదాకా నింపకూడదు. మే నెలలో రైలుపెట్టెలో సీటు కింద వేడికి నూనె పొంగి మూత సందులోంచి కారుతుంది. రెండు వేళ్ళ ఖాళీ ఉంచి, సీసా మూతి మీద మందపాటి పాలిథిన్ ముక్క పరిచి, దాని మీద మూత బిగించి, చుట్టూ టేపు తిప్పాలి. తర్వాత సీసాని కవర్లో పెట్టి, కవరు మూతి ముడివేసి, దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి చుట్టూ వార్తాపత్రిక కుక్కాలి. అల్యూమినియం డబ్బా వద్దు. ఉప్పూ పులుపూ కలిసి దాన్ని తినేస్తాయి.

పొడుల్లో కందిపొడి రాజు. కందిపప్పు 200 గ్రాములు, శనగపప్పు 50, ఎండుమిరపకాయలు పన్నెండు, జీలకర్ర చెంచా, ఉప్పు, కాస్త ఇంగువ. సన్నసెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేపాలి. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటే పొడి నిలవ ఉండదు, కడుపులోనూ మంచిగా ఉండదు. ఒక బద్ద కొరికి చూస్తే తెలిసిపోతుంది. వేపిన పప్పు పళ్ళెంలో పరిచి, పళ్ళెం అడుగున చెయ్యి పెడితే వెచ్చదనం తగలనంత వరకూ ఆగాలి. వేడిగా పట్టిన పొడికి చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. మిక్సీ కూడా ఆపి ఆపి తిప్పాలి, లేకపోతే గిన్నె వేడే సరిపోతుంది పొడి పాడు చెయ్యడానికి. పట్టాక మళ్ళీ పరిచి ఆరబెట్టి అప్పుడు సీసాకెత్తండి. ఇది రెండు నెలలు హాయిగా ఉంటుంది. నువ్వులపొడి, వేరుశనగపొడి, కొబ్బరిపొడి అలా కాదు. వాటిలో నూనె ఎక్కువ కాబట్టి మూడు నాలుగు వారాలకే కంపు మొదలవుతుంది. అవి 100 గ్రాములకి మించి పంపడం దండగ.

వంట సరిగా రానివాళ్ళకి వీటన్నిటికంటే ఉపయోగపడేది పులిహోర గుజ్జు. చింతపండు పావు కిలో వేడినీళ్ళలో నానబెట్టి, చిక్కటి గుజ్జు తీసి, 150 గ్రాముల నూనెలో పోపు పెట్టి, పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి, నూనె పక్కకి తేరేదాకా ఉడికించాలి. నూనె తేరకముందే దింపితే నీళ్ళు మిగిలి పదిరోజుల్లో బూజు. గ్లాసు బియ్యం అన్నానికి రెండు పెద్ద చెంచాలు. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడికి కుక్కర్ ఒక్కటి పెడితే భోజనం అయిపోతుంది.

ఈ సరిహద్దులో ఉన్నందుకు మన డబ్బాల్లోకి వచ్చే ఒడియా సరుకులు కొన్ని ఉన్నాయి. మంచివే, కానీ ప్రతిదానికీ ఒక మెలిక. మినప్పిండి, బూడిదగుమ్మడికాయతో పెట్టే బొడి, అదే మన వడియం, ఎండితే ఏడాది నిలుస్తుంది. అర కిలో మినప్పప్పుకి కిలో గుమ్మడి తురుము, ఉప్పు వేసి రాత్రంతా గుడ్డలో కట్టి బరువు కింద పెట్టి నీళ్ళు పిండెయ్యాలి. ఫిబ్రవరి నుంచి మే లోపే పెట్టుకోవాలి, మూడు నాలుగు ఎండలు గట్టిగా తగలాలి. మబ్బు పట్టిన రోజు పెడితే పిండి పులిసిపోయి వడియం ఎర్రబడుతుంది. ఎండిందో లేదో చూడాలంటే ఒకటి విరవండి. ఠక్కున విరిగి లోపల తెల్లగా పొడిగా ఉండాలి. మూకుడు లేని పిల్లలకి కూడా ఇది పనికొస్తుంది: పెనం మీద చెంచాడు నూనెతో ఎర్రగా వేపి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, ఉప్పుతో నలిపితే బొడి చూరా. చద్దన్నంలోకి అంతకంటే ఏం కావాలి?

జూన్‌లో ఒడియావాళ్ళ రొజొ పండక్కి చేసే పొడొ పిఠా, అంటే నిప్పుల మీద కాల్చిన బియ్యప్పిండి రొట్టె, కూడా పంపాలనిపిస్తుంది. అందులో పచ్చికొబ్బరి పడుతుంది కాబట్టి రెండు మూడు రోజులే దాని ఆయుష్షు. రేపు పొద్దున్న చేరే ప్రయాణమైతేనే ఇవ్వండి. మార్గశిరంలో ప్రథమాష్టమి పండక్కి పసుపాకులో ఉడికించే ఎండూరి పిఠా అయితే అసలు పంపవద్దు, ఆవిరి మీద ఉడికింది మర్నాటికే జిగురొస్తుంది. ఎండుచేపల మాట కూడా చెప్పాలి. ఏసీ బోగీలో ఆ వాసన ఎన్ని కవర్లు చుట్టినా ఆగదు, తీసుకెళ్ళేవాళ్ళతో స్నేహం మిగలాలంటే మానుకోండి.

అరిసెల్లో తేడా వచ్చేది పాకం దగ్గరే. కిలో బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చి, ఆరకముందే తడిపిండి కొట్టించాలి. బెల్లం ముప్పావు కిలో. నీళ్ళలో వేసిన పాకం వేళ్ళ మధ్య మెత్తటి ఉండగా నిలవాలి. లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది, ముదిరితే మూడో రోజుకి రాయి. చెక్కల మధ్య నూనె గట్టిగా ఒత్తి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టాలి. వెచ్చగా మూత పెడితే మూతకి పట్టిన చెమ్మే తిరిగి అరిసెల మీద రాలుతుంది. ఊరగాయ ఉన్న పెట్టెలో ఇవి పెట్టకండి. ఇంగువ వాసన పట్టిన అరిసె ఎవరూ తినరు.

అప్పడాలు చెయ్యకండి, కొనండి. అప్పడాలకి, ఊరగాయలకి పేరు పడిన ఊళ్ళో ఉండి అరవై దాటాక పీట ముందు కూర్చోవడం ఎందుకు? రెండు గట్టి అట్టల మధ్య పెట్టి దారంతో కట్టి, పెట్టెలో నిలువుగా గోడకి ఆనించి పెడితే విరగవు. మైక్రోవేవ్‌లో నిమిషం లోపే కాలుతాయి.

సీసాలకి పేరూ తేదీ రాసిన చీటీ అంటిస్తాం సరే, ఏ భాషలో? ఇక్కడ ఒడియా మీడియంలో చదివిన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అమ్మ తెలుగులో రాసిన "ముందు ఇది తినాలి" వాళ్ళకి ముగ్గులా కనిపిస్తుంది. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయండి, లేదా సీసా ఫోటోకి గొంతు జతచేసి పంపండి. చీటీ మీద చేసిన తేదీ కాదు, తినేయాల్సిన తేదీ ఉండాలి.

పెట్టె ఎనిమిది కిలోలు దాటనివ్వకండి. స్లీపర్ టికెట్టు మీద 40 కిలోలదాకా సామాను ఉచితమే, కానీ రైలు దిగాక మెట్లెక్కి మోసేది మనిషే. బరంపురం నుంచి సికింద్రాబాదు వైపు విశాఖ, ఫలక్‌నుమా, కోణార్క్ రైళ్ళు ఉన్నాయి, బెంగుళూరుకి ప్రశాంతి ఉంది. పర్లాకిమిడి వాళ్ళు పలాసలో ఎక్కడం మామూలు. అక్టోబరులో మాత్రం దీపావళి డబ్బాని ఆఖరి వారానికి ఆపుకోకండి. ఈ తీరానికి తుపాను నెల అది. ఫైలిన్ 2013లో అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018లో అక్టోబరు 11న పలాస దగ్గర. రైళ్ళు ఆగితే మూటగట్టిన మిఠాయి మూటలోనే ఉంటుంది. కరెంటు పోతే ఫ్రిజ్‌లో దాచిన గుజ్జు కూడా పాడవుతుంది.

విమానం ఎక్కేవాళ్ళకి కట్టేటప్పుడు లెక్క మారుతుంది. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకి ఎక్కువగా 15 కిలోలే పెట్టెలో పెట్టనిస్తారు. నెయ్యి, ఊరగాయ చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆగిపోతాయి, పెట్టెలోనే వెయ్యాలి. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టెలోనూ వద్దు. నూనె ఎక్కువ కాబట్టి తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల్లో దాన్ని లెక్కగడతారు. గల్ఫ్‌లో పనిచేసే పిల్లలకి పంపేవాళ్ళు ఇంకో మాట గట్టిగా గుర్తుంచుకోవాలి: గసగసాలు. ఒడియా వంటలో పోస్తొ అని విరివిగా వాడతాం, బొడిలో కలుపుతాం, మసాలాలో నూరుతాం. దుబాయి, సౌదీ లాంటి చోట్ల అది మాదకద్రవ్యం కింద లెక్క, చిటికెడు దొరికినా కేసు. ఇంట్లో నూరిన మసాలా పొడి పంపేముందు అందులో ఏం పడిందో ఒకటికి రెండుసార్లు గుర్తు చేసుకోండి.

మనింట్లో మిగిలిన ఊరగాయ సంగతి కూడా చూడాలి. యాభై కాయలు పట్టే పాత జాడీలో అడుగున రెండు గిద్దెలు మిగిల్చితే పైన ఉన్న ఖాళీ అంతా గాలే, అదే బూజుకి దారి. చిన్న సీసాలోకి మార్చెయ్యండి. ఇద్దరే ఉన్న ఇంటికి ఏడాదికి పది కాయలు చాలు.

సంక్రాంతికి పిల్లలు ఖాళీ డబ్బాలు పట్టుకొస్తారు, తేవాలని ముందే చెబితే. మళ్ళీ నింపేముందు మూత లోపలి రబ్బరు రింగు ఊడదీసి వాసన చూడండి. పాత నూనె కంపు కొడితే ఆ రింగు పారేసి కొత్తది వెయ్యాలి, ఎంత కడిగినా పోదు. స్టీలు డబ్బాని వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఒక పగలు ఎండలో బోర్లించకుండా వెల్లకిలా పెట్టండి. ఒకసారి ఊరగాయ పోసిన ప్లాస్టిక్ డబ్బా ఇక ఎప్పటికీ ఊరగాయకే.