తప్పులు మాట్లాడే తరగతి

“తెలుగులో తప్పు మాట్లాడితే ఇంట్లో అందరూ ఒక్కసారిగా నా వైపు తిరుగుతారమ్మా, మాండరిన్ క్లాసులో అయితే అందరం తప్పులే మాట్లాడతాం” అని మా అమ్మాయి అన్నప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాలిఫోర్నియాలో మేముండే ఊరి రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో ఈ సెమిస్టరుకు తను పట్టుబట్టి రెండు కోర్సులు తీసుకుంది. ఒకటి మాండరిన్ మొదటి కోర్సు, రెండోది భిన్నాలు, రుణ సంఖ్యలు, శాతాల దగ్గర మొదలయ్యే ప్రాథమిక గణితం. డిగ్రీకి లెక్కలోకి వచ్చే స్టాటిస్టిక్స్ కోర్సులో నేరుగా చేరమని కాలేజీ కౌన్సెలర్ చెప్పినా, నేనూ మా వారూ నచ్చజెప్పినా వినలేదు. “నాకు రానిది ఎక్కడ మొదలైందో అక్కడి నుంచే చదువుతాను” అంది.

తెలుగు ఇళ్ళలో లెక్కలు రాకపోవడాన్ని ఒక సబ్జెక్టు రాకపోవడంగా చూడరు, పిల్లల భవిష్యత్తు మీద తీర్పుగా చూస్తారు. నేనూ మా వారూ ఎంసెట్ రాసి ఇంజనీరింగులో చేరినవాళ్ళమే. అలాంటి ఇంట్లో, హైస్కూలు పూర్తి చేసిన పిల్ల భిన్నాల కూడికలు మళ్ళీ నేర్చుకుంటానంటే మాకు మింగుడు పడలేదు. తెనాలి నుంచి ఫోనులో మా అమ్మ, “మన తెలుగే సరిగ్గా రాని పిల్లకి చైనా భాష ఎందుకే?” అని అడిగింది. లెక్కల సంగతి మాత్రం అమ్మకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఒక సాయంత్రం భోజనాల బల్ల మీద తన నోటు పుస్తకం తెరిచి ఉంటే చూశాను. మూడింట రెండుకు నాలుగింట ఒకటి కలపాలి. మొదట పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపి ఏడింట మూడు అని రాసి, దాని పక్కనే సమాన పొడవున్న రెండు కాగితపు పట్టీలు అంటించింది. ఒకదానిపై మూడింట రెండు వంతులకు, మరొకదానిపై ఏడింట మూడు వంతులకు రంగు వేసి ఉంది. రంగు వేసిన రెండో భాగం మొదటిదానికన్నా పొట్టిగా ఉంది. “కలిపితే తగ్గడమేమిటి?” అని కింద రాసుకుంది. ఆ తరువాత రెండింటినీ పన్నెండు వంతులుగా మార్చి, పన్నెండింట పదకొండు అని తేల్చింది. హైస్కూలులో ఆల్జీబ్రా రెండో కోర్సు దాకా వెళ్ళిన పిల్లకు ఇన్నేళ్ళూ కాల్‌క్యులేటరు జవాబు ఇచ్చిందే గాని, ఆ జవాబు ఎందుకు నిజమో ఎవరూ చూపించలేదు. నేను సూత్రం చెప్పాను, మా వారు సూత్రం చెప్పారు, పట్టీలు కత్తిరించి చూపించినది మాత్రం ఈ ప్రాథమిక గణితం కోర్సు అధ్యాపకురాలు.

అయితే కౌన్సెలర్ మాటకూ బలమైన కారణమే ఉంది. 2017లో కాలిఫోర్నియా ఏబీ 705 అనే చట్టం చేసింది. దాని ప్రకారం కాలేజీలు విద్యార్థి హైస్కూలు మార్కులను బట్టి కోర్సు సూచించాలి, తరువాత యూనివర్సిటీకి బదిలీ కావడానికి పనికొచ్చే గణితం, ఇంగ్లీషు ఏడాదిలోగా పూర్తయ్యే అవకాశాన్ని వీలైనంత పెంచాలి, గెలిచే అవకాశం బాగా తక్కువని తేలితే తప్ప కింది కోర్సులు తప్పనిసరి చేయకూడదు. 2022లో వచ్చిన ఏబీ 1705 దీన్ని ఇంకా బిగించింది. అంతకుముందు కింది మెట్టు నుంచి మొదలుపెట్టిన పిల్లలు ఒక్కో సెమిస్టరులో కొందరు చొప్పున మధ్యలోనే జారిపోయి, అసలు కోర్సు ముఖం చూడకుండానే కాలేజీ వదిలేసేవారు. అలా నష్టపోయినవారిలో పేద ఇళ్ళ పిల్లలే ఎక్కువ. ఆ చట్టం మంచిదని నేను నమ్ముతున్నాను. అయినా మా అమ్మాయి చేరిన, ఫీజూ, డిగ్రీకి లెక్కలోకి వచ్చే క్రెడిట్లూ లేని ఆ చిన్న తరగతి లేకపోయి ఉంటే ఆ పట్టీలు ఉండేవి కావు. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో నాకు తెలియడం లేదు.

మాండరిన్ విషయంలో నా మనసు ఇంకా తికమకగా ఉంది. మొదటి వారాల్లో పంతులమ్మ ఒక్కొక్కరి నోటి ముందు పల్చటి కాగితం పట్టుకోమన్నారట. చైనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్‌లో ‘పి’ అని రాసే ధ్వనికి కాగితం కదలాలి, ‘బి’ అని రాసేదానికి కదలకూడదు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలు తడబడుతుంటే మా అమ్మాయి ఇంటికొచ్చి, “అమ్మా, కాగితం కదలనిది మన ‘ప’యే, కదిలేది దానికి వత్తు పెట్టినట్టు ఉంటుంది” అంది. చిన్నప్పుడు వత్తు అక్షరాలు దిద్దించబోతే పెన్సిలు పక్కన పడేసిన పిల్ల! మాండరిన్ మాటల్ని పలికే గొంతు ఎత్తుపల్లాలనే స్వరాలంటారు. మూడో స్వరం పక్కన మళ్ళీ మూడో స్వరం వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుందని చెబుతుంటే, మనకూ సంధి అనేది ఒకటుందని, ‘రాముడు’ పక్కన ‘అతడు’ వస్తే ‘రాముడతడు’ అవుతుందని చెప్పాను. ఆసక్తిగా వింది. ఇంకో ఉదాహరణ కూడా అడిగింది.

ఒక వేసవిలో హైదరాబాదులో బంధువుల మధ్య తను “నాకు రెండు అక్కలు ఉన్నారు” అంది. ప్రేమతోనే అందరూ నవ్వారు, ‘ఇద్దరు’ అనాలని నేను సరిచేశాను. పిల్ల ఆ తరువాత అక్కడున్నన్ని రోజులూ ఇంగ్లీషులోనే మాట్లాడింది. ఇప్పుడు మాండరిన్‌లో పుస్తకాలకు ఒక కొలమానపు మాట, మనుషులకు ఇంకొకటి, కాగితాల వంటి పల్చటి వస్తువులకు వేరొకటి చేర్చి లెక్కపెట్టాలి. క్లాసులో ప్రతివారూ వాటిని తారుమారు చేస్తారు, పంతులమ్మ సరైన రూపాన్ని తరగతి మొత్తం చేత అనిపిస్తారు, పాఠం ముందుకు సాగుతుంది.

ఇలాంటి ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులకు నాకు తెలిసినంతలో చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. రాష్ట్ర నివాసులకు ఇక్కడ క్రెడిట్ కోర్సుల ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 5 యూనిట్ల మాండరిన్ కోర్సుకు 230 డాలర్లు. బదిలీకి చెల్లే 60 సెమిస్టరు యూనిట్లతో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మూడో ఏడాదిలో చేరడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ప్రాంగణాలు అర్హతలు పూర్తి చేసిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు సీటు హామీ కూడా ఇస్తాయి. కాబట్టి ఈ దారిని చిన్నచూపు చూడవద్దని ఎవరికైనా చెబుతాను. ఏ కోర్సు బదిలీ అవుతుందో చేరకముందే కౌన్సెలర్‌ను అడగమని కూడా చెబుతాను.

ఇక్కడిదాకా ధైర్యంగా రాయగలిగాను. పిల్లలు ఏ భాష ఎంచుకున్నా సంతోషించమని రాయబోతే మాత్రం చేయి ఆగిపోతోంది. మాండరిన్ అక్షరం గళ్ళ కాగితం మీద అడ్డగీత ముందు, నిలువు గీత తరువాత అంటూ వరస తప్పకుండా దిద్దుతున్న పిల్లను చూస్తే గర్వంగానే ఉంటుంది. ఆ ఓపికలో కొంత తెలుగుకు దక్కితే మా అమ్మతో ఇంకా కొన్నేళ్ళు తీరిగ్గా మాట్లాడుకోగలదు కదా అన్న బాధ ఆ వెంటనే వస్తుంది. అమ్మ వయసు పెరుగుతోంది, ఆమెకు ఇంగ్లీషు రాదు. తప్పులు మాట్లాడనిచ్చే తరగతి లాంటి చోటు మా ఇంట్లో ఏర్పాటు చేయాలంటే నేను సరిదిద్దడం మానాలా, లేక అందరం కలిసి అనేలా సరిదిద్దాలా? సరిదిద్దకపోతే ఆ భాష తన దగ్గర ఏ రూపంలో మిగులుతుంది? వచ్చే సెమిస్టరుకు మాండరిన్ రెండో కోర్సు, దానితో పాటు స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటోంది. నమోదు తనే చేసుకుంటుంది. ఆదివారం అమ్మమ్మకు ఫోను చేసినప్పుడు భిన్నాల సంగతి కూడా తనే చెబుతానంది. తెలుగులోనే చెబుతావా అని అడగాలనిపించింది గాని, అడగలేదు.